అమెరికా సుంకం వేస్తేనే గుర్తొచ్చే ఉద్యోగం: విశాఖ ట్రేడ్ ప్రమోటర్లు అసలు ఏం చేస్తారు?

క్లుప్తంగా: ఆసియా దేశాలకి మన సరుకు అమ్మడంలో పెద్ద అడ్డంకి చాలాసార్లు సుంకం కాదు. ల్యాబ్ పరీక్షలు, ప్లాంట్ రిజిస్ట్రేషన్లు, సరుకు ఏ రూపంలో కావాలన్నది, డబ్బు ఎలా చేతికొస్తుందన్నది అసలు సమస్యలు. వీటిని చక్కబెట్టడానికి ఏళ్లు పడుతుంది. ఆ పనికి జీవితకాలం కేటాయించే మనుషులు విశాఖలో చాలా తక్కువ, పైగా వాళ్ల పనిని కొలిచే పద్ధతి ఎంఓయూల (అవగాహన పత్రాల) విలువ దగ్గరే ఆగిపోయింది.

ఈ చర్చ ఇప్పుడెందుకు

2025 ఆగస్టు 27 నుంచి అమెరికా మన దేశపు సరుకు మీద 50 శాతం సుంకం వసూలు చేయడం మొదలుపెట్టింది. రొయ్యల మీద అప్పటికే యాంటీ డంపింగ్ (మరీ చౌకగా అమ్ముతున్నారని వేసేది), కౌంటర్‌వెయిలింగ్ (ప్రభుత్వ రాయితీలకి విరుగుడుగా వేసేది) సుంకాలు ఉన్నాయి కాబట్టి మొత్తం భారం 58 శాతం దాటింది. అదే రోజుల్లో ఈక్వెడార్‌కి 15, ఇండోనేషియాకి 19, వియత్నాంకి 20 శాతమే. భీమిలి తీరంలోని హేచరీల నుంచి గోదావరి జిల్లాల చెరువుల దాకా, అక్కడి నుంచి విశాఖ ప్రాసెసింగ్ ప్లాంట్ల దాకా అందరికీ గొంతులో వెలక్కాయ పడ్డట్టయింది. ముఖ్యమంత్రి కేంద్రానికి లేఖ రాశారు, ఎగుమతిదారులు ఢిల్లీ వెళ్లారు, టీవీ చర్చల్లో ప్రతి ఒక్కరూ ఒకటే మాట చెప్పారు: అమెరికా కాకపోతే ఆసియాకి అమ్ముదాం.

చెప్పినంత సులువైతే ముందే అమ్మేవాళ్లు కదా. 2023-24లో మన దేశం ఎగుమతి చేసిన ఫ్రోజెన్ రొయ్యలు 7.16 లక్షల టన్నులు. అందులో అమెరికాకి 2.97 లక్షల టన్నులు, చైనాకి 1.48 లక్షల టన్నులు వెళ్లాయి. ఆగ్నేయాసియా దేశాలన్నిటికీ కలిపి 52 వేలు. జపాన్‌కి వెళ్లింది సుమారు 36 వేల టన్నులు, అంటే అమెరికాకి వెళ్లినదాంట్లో ఎనిమిదో వంతు. సముద్ర ఉత్పత్తుల ఎగుమతిలో దేశంలోనే ముందుండే రేవు విశాఖ. ఆ రేవు తూర్పు తీరంలో, మలక్కా జలసంధి వైపు ముఖం పెట్టి ఉంది. అయినా సరుకులో పెద్ద భాగం భూగోళంలో అవతలి వైపుకి పోతోంది.

ఈ తేడాని పూడ్చడానికే ఒక వృత్తి ఉంది. దానికి తెలుగులో స్థిరమైన పేరంటూ లేదు. ట్రేడ్ ప్రమోటర్ అనొచ్చు, ఎక్స్‌పోర్ట్ ప్రమోషన్ మనిషి అనొచ్చు, ఊళ్లో అయితే "చాంబర్ ఆయన" అంటే అర్థమైపోతుంది.

ఎవరు వీళ్లు, ఎక్కడి నుంచి వస్తారు

విశాఖలో ఈ పనిలోకి నేరుగా వచ్చేవాళ్లు అరుదు. కొందరు కస్టమ్స్ బ్రోకర్ ఆఫీసులో షిప్పింగ్ బిల్లులు పెట్టుకుంటూ మొదలవుతారు. కొందరు ప్రాసెసింగ్ ప్లాంట్లో క్వాలిటీ విభాగంలో పని చేసి, బయ్యర్లతో మెయిళ్లు రాసీ రాసీ అటు జరుగుతారు. బ్యాంకులో ఫారిన్ ఎక్స్‌ఛేంజ్ డెస్క్ చూసి రిటైరయినవాళ్లు చాంబర్ సెక్రటరీలవుతారు. ఇప్పుడు కాకినాడలో విదేశీ వాణిజ్యం నేర్పే ఐఐఎఫ్‌టీ క్యాంపస్, విశాఖలోనే ఇండియన్ మారిటైమ్ యూనివర్సిటీ క్యాంపస్ ఉన్నాయి కాబట్టి చదువుకుని వచ్చే తరం తయారవుతోంది, అయితే వాళ్లలో చాలామంది చెన్నైకో ముంబైకో సింగపూర్‌కో వెళ్లిపోతున్నారు. జీతం అక్కడ ఉంది మరి.

పని చేసే చోటు కూడా ఒకటి కాదు. పరిశ్రమల సంఘాలు, చాంబర్లు ఉన్నాయి. 1965లో ఏర్పడిన ఫియో లాంటి ఎగుమతిదారుల సమాఖ్యలున్నాయి. సముద్ర ఉత్పత్తులకి 1972 నాటి కేంద్ర ప్రభుత్వ ఎగుమతుల అభివృద్ధి సంస్థ ఎంపెడా ఉంది, దాని ప్రధాన కార్యాలయం కొచ్చిలో. దువ్వాడలోని సెజ్ (ప్రత్యేక ఆర్థిక మండలి) 1989లో ఎగుమతుల జోన్‌గా పుట్టి 2003లో సెజ్‌గా మారింది, అందులోని కంపెనీల వ్యవహారాలు చూసేవాళ్లు వేరే. రాష్ట్ర ప్రభుత్వ పరిశ్రమల శాఖ, పెట్టుబడుల విభాగం మరో వైపు.

అందరి పనినీ ప్రమోషన్ అనే ఒక్క మాటతో పిలుస్తారు గానీ అందులో రెండు వేర్వేరు పనులున్నాయి. ఒకటి విదేశీ కంపెనీని ఇక్కడికి తెచ్చి ఫ్యాక్టరీ పెట్టించడం. శ్రీలంకకి చెందిన బ్రాండిక్స్ అచ్యుతాపురంలో వెయ్యి ఎకరాల్లో బట్టల పార్కు పెట్టడం, జపాన్‌కి చెందిన యోకోహామా టైర్ల ప్లాంటు 2022 ఆగస్టులో అక్కడే మొదలవడం ఈ కోవలోవి. రెండోది ఇక్కడి సరుకుని అక్కడి దుకాణం దాకా తీసుకెళ్లడం. మొదటిదానికి భూమి, కరెంటు, నీళ్లు, రాయితీ చూపిస్తే సగం పని అయినట్టే, అవన్నీ ప్రభుత్వం చేతిలో ఉంటాయి, శంకుస్థాపన రోజున ఫొటో కూడా ఉంటుంది. రెండోదానికి ఫొటో ఉండదు. ఈ వ్యాసం ముఖ్యంగా ఆ రెండోదాని గురించే.

బైలదిలా రోజులు: బయ్యరే వెతుక్కుంటూ వచ్చినప్పుడు

విశాఖకి ఆసియా వ్యాపారం కొత్త కాదు. బర్మా బ్రిటిష్ పాలనలో ఉన్నప్పుడు ఉత్తరాంధ్ర నుంచి వేలమంది రంగం (రంగూన్) వెళ్లి మిల్లుల్లో, రేవుల్లో పని చేశారు. 1933లో తెరిచిన విశాఖ రేవుకి మొదటి లక్ష్యం మాత్రం మధ్య పరగణాల మాంగనీసుని ఓడలెక్కించడం.

అసలు మలుపు 1960లో వచ్చింది. జపాన్ ఉక్కు మిల్లులతో ఛత్తీస్‌గఢ్‌లోని బైలదిలా ఇనుప ఖనిజం కోసం ఒప్పందం కుదిరింది. ఆ ఒక్క ఒప్పందం కోసం అడవులు, కొండలు తొలిచి కొత్తవలస నుంచి కిరండోల్ దాకా రైల్వే లైను వేశారు, అరకు వెళ్లే పర్యాటకులు ఈరోజు కిటికీలోంచి చూసి మురిసిపోయే సొరంగాలు ఆ ఖనిజం కోసం తవ్వినవే. పెద్ద ఓడలు రావాలని ఔటర్ హార్బర్ కట్టి 1976లో ప్రారంభించారు.

ఇంత పెద్ద వ్యాపారం వెనక విశాఖలోని ఏ ప్రమోటరూ లేడు. యుద్ధం తర్వాత కోలుకుంటున్న జపాన్‌కి ఖనిజం కావాలి, మన దేశానికి డాలర్లు కావాలి. రెండు ప్రభుత్వాలు కూర్చున్నాయి, అమ్మకం ప్రభుత్వ వాణిజ్య సంస్థ ఎంఎంటీసీ చేతిలో పెట్టారు, దీర్ఘకాల ఒప్పందాలు రాసుకున్నారు. ఆ ఒప్పందాల పరంపర ఎంత బలమైనదంటే, జపాన్ మిల్లులకీ కొరియా ఉక్కు కంపెనీ పోస్కోకీ ఖనిజం సరఫరా చేయడానికి కేంద్ర కేబినెట్ 2021లో కూడా మరో అయిదేళ్లకి అనుమతిచ్చింది.

ఇది విశాఖకి ఒక అలవాటు నేర్పింది. బయ్యర్ తనే వస్తాడు, రైలూ రేవూ కట్టిపెడితే చాలు, మిగతాది ఢిల్లీ చూసుకుంటుంది. ముడి ఖనిజానికి ఆ సూత్రం పని చేసింది, ఎందుకంటే అందులో చూడాల్సింది ఇనుము శాతం, తేమ, ధర, అంతే. తినే వస్తువుకి ఆ సూత్రం పని చేయదు.

రొయ్య జపాన్‌ని వదిలి అమెరికా బాట పట్టిందిలా

ఇప్పటి కుర్రాళ్లకి తెలియని సంగతేంటంటే, 1990ల చివరిదాకా మన రొయ్యలకి పెద్ద బయ్యర్ జపానే. టైగర్ రొయ్య, తల తీసి, బ్లాకులుగా గడ్డకట్టించి టోక్యో ఏజెంట్లకి పంపేవాళ్లు. ఎంపెడా టోక్యోలో ఆఫీసు పెట్టింది కూడా అందుకే. తర్వాత మార్కెట్ ఎందుకు మారింది?

ఎవరో ప్రచారం చేసి మార్చలేదు. 1990ల మధ్యలో వైట్ స్పాట్ వైరస్ వచ్చి టైగర్ సాగుని తుడిచిపెట్టేసింది. జపాన్ ఆర్థిక వ్యవస్థ చతికిలబడింది, అక్కడి ఇళ్లలో రొయ్యల వాడకం తగ్గింది. అమెరికాలో మాత్రం సూపర్‌మార్కెట్ల నుంచి రెస్టారెంట్ల దాకా రొయ్యల గిరాకీ పెరుగుతూనే ఉంది. 2005లో యాంటీ డంపింగ్ సుంకం వేసినా అది ఆగలేదు. 2009లో మన దేశంలో వన్నామీ అనే రకం రొయ్య సాగుకి అనుమతి వచ్చింది, ఇది తొందరగా పెరుగుతుంది, సైజు ఒకేలా వస్తుంది, ఒలిచి ప్యాకెట్లో పెట్టి అమ్మే అమెరికా వ్యాపారానికి సరిగ్గా సరిపోయింది. ఇక 2012-13 ప్రాంతంలో థాయిలాండ్ చెరువులని ఈఎంఎస్ అనే జబ్బు దెబ్బతీసింది. అప్పటిదాకా అమెరికాకి పెద్ద సరఫరాదారు థాయిలాండే. ఆ ఖాళీలోకి ఆంధ్రా రొయ్య దూరింది.

అంటే ఒక వైరస్ ఒక మార్కెట్‌ని మూసింది, ఇంకొకరి చెరువులో వచ్చిన జబ్బు మరో మార్కెట్‌ని తెరిచింది. దీన్ని చూసి ప్రమోటర్ల వల్ల ఒరిగేదేమీ లేదని తేల్చేసేవాళ్లున్నారు. ఆ వాదనలో కొంత నిజముంది. కాకపోతే గాలి ఇటు వీచినప్పుడు తెరచాప ఎత్తి ఉండాలి కదా. థాయిలాండ్ తగ్గిన రెండు మూడేళ్లలో ఆర్డర్లు అందుకోగలిగింది, అమెరికా బయ్యర్ల ఆడిట్లకి అప్పటికే సిద్ధపడి ఉన్న ప్లాంట్లే. ఆసియా మార్కెట్లకి సంబంధించి ఇప్పుడు లోపించింది సరిగ్గా ఆ సిద్ధపాటే.

సుంకం చిన్నది, ల్యాబ్ రిపోర్టు పెద్దది

జపాన్‌తో మనకి సమగ్ర ఆర్థిక భాగస్వామ్య ఒప్పందం ఉంది, 2011 ఆగస్టు 1 నుంచి అమల్లో ఉంది. కొరియాతో 2010 జనవరి 1 నుంచి, ఆసియాన్ దేశాలతో సరుకుల ఒప్పందం కూడా అదే తేదీ నుంచి. జపాన్‌లో ఫ్రోజెన్ రొయ్య మీద సుంకం ఒప్పందానికి ముందు కూడా నామమాత్రమే. మరి జపాన్ అమ్మకం ఎందుకు పెరగలేదు?

2012లో జరిగింది చూడాలి. రొయ్యల దాణాలో చేపపొడి ఉంటుంది, ఆ చేపపొడి పాడవకుండా ఇథాక్సీక్విన్ అనే పదార్థం కలుపుతారు. జపాన్ అధికారులు మన రొయ్యల్లో దాని అవశేషాల కోసం వెతకడం మొదలుపెట్టారు. ప్రత్యేక పరిమితి ఏదీ లేదు కాబట్టి, ఏ పదార్థానికైనా వర్తించే సాధారణ పరిమితి 0.01 పీపీఎం (పీపీఎం అంటే పది లక్షల భాగాల్లో ఒక భాగం) పెట్టేశారు. అది ఎంత చిన్నదంటే దాణా మార్చకుండా ఆ పరీక్ష గట్టెక్కడం దాదాపు అసాధ్యం. కన్సైన్‌మెంట్లు ఆగాయి. రైతు వాడింది నిషిద్ధ యాంటీబయాటిక్ కాదు, అతనికి ఆ పేరే తెలియదు, దాణా బస్తా మీద కూడా ఉండదు.

అప్పుడు జరగాల్సిన పనేంటి? దాణా కంపెనీలని కూర్చోబెట్టాలి. పట్టుబడికి (చెరువులో రొయ్యలు పట్టడానికి) ఎన్నాళ్ల ముందు దాణా మారిస్తే అవశేషం పోతుందో పరీక్షలు చేయించాలి. ఆ వివరాలని జపాన్ ఆరోగ్య శాఖకి అర్థమయ్యే ఫార్మాట్లో పెట్టాలి. ఇదే ఇబ్బంది పడుతున్న వియత్నాంతో గొంతు కలపాలి. చివరికి 2014లో జపాన్ పరిమితిని 0.2 పీపీఎంకి, అంటే ఇరవై రెట్లు పెంచింది. ఈ వృత్తిలో విజయం అంటే ఇలా ఉంటుంది: దశాంశ బిందువు పక్కన ఒక అంకె మారడం. దీనికి రిబ్బన్ కటింగ్ ఉండదు, పేపర్లో జిల్లా పేజీలో కూడా రాకపోవచ్చు.

చైనా సంగతి వేరే. అక్కడ ఇబ్బంది ప్రమాణం కఠినంగా ఉండడం కన్నా, అది ఎప్పుడు ఎలా మారుతుందో తెలియకపోవడం. చాలా ఏళ్లు మన లెక్కల్లో వియత్నాం పెద్ద బయ్యర్‌గా కనిపించేది, నిజానికి అందులో చాలా సరుకు హైఫాంగ్ రేవులో దిగి సరిహద్దు దాటి చైనాలోకి పోయేది. 2018 తర్వాత చైనా ఆ దారిని బిగించింది, నేరుగా వెళ్లే సరుకు పెరిగింది. 2020 చివర్లో ప్యాకింగ్ మీద కొవిడ్ ఆనవాళ్లు దొరికాయంటూ కొన్ని భారతీయ కంపెనీల సరుకుని ఆపింది. 2022 జనవరి 1 నుంచి ఆహారం పంపే విదేశీ ప్లాంట్లన్నీ చైనా కస్టమ్స్ విభాగం జీఏసీసీ దగ్గర రిజిస్టర్ కావాలన్న నిబంధన వచ్చింది. ఒక ప్లాంట్ పేరు ఆ జాబితాలోంచి సస్పెండ్ అయితే ఎవరికి ఫోన్ చేయాలి, ఏ కాగితం పంపాలి, బీజింగ్‌లోని మన రాయబార కార్యాలయంలో ఎవరు చూస్తారు అన్నది ఎగుమతిదారుడికి తెలియదు. తెలిసిన మనిషి ఒకడుంటే నెలల పని వారాల్లో అవుతుంది, లేకపోతే మెయిల్‌కి జవాబు కోసం చూస్తూ కూర్చోవాలి.

సరుకు రూపం ఇంకో తలనొప్పి. అమెరికాకి ఒలిచి, నరం తీసి, తోక ఉంచిగాని తీసేసిగాని పంపుతారు. చైనా తలతో సహా ఉన్న రొయ్యని ఎక్కువగా అడుగుతుంది, ధర తక్కువ, అందులో కొంత అక్కడ మళ్లీ ప్రాసెస్ అవుతుంది. జపాన్‌కి సాగదీసి వరసగా పేర్చిన నోబాషీ, సుషీ కోసం చీల్చి ఉడికించిన రొయ్య, బ్రెడ్ పొడి అద్దిన రొయ్య కావాలి. ఒక ట్రేలో పది ముక్కలుంటే పదీ ఒకే పొడవుండాలి. దీనికి వేరే లైన్, వేరే శిక్షణ కావాలి. అమెరికా ఆర్డర్లు ఆగిపోయాయని ప్లాంట్లో ఉన్న అమ్మాయిలని మర్నాటి నుంచి నోబాషీ చేయమంటే కుదరదు. చెరువు దగ్గర కూడా అంతే, ఏ కౌంట్‌కి (కిలోకి ఎన్ని రొయ్యలు తూగే సైజుకి) పట్టుబడి చేయాలన్నది ఏ దేశం కొంటుందన్న అంచనా మీద ఆధారపడి ఉంటుంది, ఆ అంచనా సీడ్ వేసేటప్పుడే ఉండాలి.

ఇక డబ్బు. అమెరికా బయ్యర్ పాతవాడైతే అరువు ఇస్తాడు, తీసుకుంటాడు, కోర్టులున్నాయన్న ధైర్యం ఉంటుంది. చైనా బయ్యర్‌తో కొంత అడ్వాన్స్, మిగతాది కాగితాలు చూపించాక అన్న పద్ధతి ఎక్కువ. రేవులో సరుకు దిగాక ధర తగ్గించమని అడిగితే, రీఫర్ (శీతల) కంటైనర్‌కి రోజువారీ అద్దె పెరుగుతుంటే, ఎవరైనా తగ్గిస్తారు. డబ్బు రాకపోతే ఆదుకునే ప్రభుత్వ సంస్థ ఈసీజీసీ బీమా ఉంటుంది గానీ బయ్యర్ పరిస్థితి ముందే తెలుసుకోవడం దాని కన్నా చవక. ఆ కబురు అందించేది కూడా ఈ చాంబర్ మనిషే, అధికారికంగా కాకపోయినా టీ తాగుతూ చెప్పేస్తాడు.

రవాణా విషయం తొందరగా ముగించొచ్చు. విశాఖ కంటైనర్ టెర్మినల్ 2003 నుంచి ఉంది, లోతుకి లోటు లేదు. దిగుమతి కంటైనర్లు తక్కువ కాబట్టి ఖాళీ రీఫర్లు సరిపడా దొరకకపోవడం, చాలా సరుకు కొలంబోలోనో సింగపూర్‌లోనో పోర్ట్ క్లాంగ్‌లోనో ఓడ మారాల్సి రావడం, ఇవీ ఇబ్బందులు.

ఒకే ఊళ్లో రెండు అభిప్రాయాలు

ఎగుమతుల గురించి మాట్లాడే మనిషికి దిగుమతుల గొడవ తప్పదు. ఒప్పందం అంటే అవతలివాడు కూడా అమ్ముకుంటాడు. జపాన్, కొరియాలతో ఒప్పందాల వల్ల అక్కడి ఉక్కుకి సుంకం లేకుండా దారి దొరికింది, మన ఉక్కు కంపెనీలు ఏళ్లుగా దీని మీద మొత్తుకుంటున్నాయి. చైనా ఉక్కు వెల్లువ మీద కూడా గోల పెరిగి, కేంద్రం 2025 ఏప్రిల్‌లో కొన్ని రకాల ఉక్కు మీద 12 శాతం రక్షణ సుంకం వేసింది. 2019 నవంబర్‌లో బ్యాంకాక్‌లో ఆర్‌సెప్ అనే ఆసియా-పసిఫిక్ దేశాల స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందపు చర్చల నుంచి మన దేశం బయటికి రావడానికి కూడా ఇలాంటి భయాలే కారణం: చైనా సరుకు, న్యూజిలాండ్ పాలు.

విశాఖలో ఈ రెండు వైపులా గాజువాక సిటీ బస్సులో పక్కపక్కనే కూర్చుంటాయి. స్టీల్‌ప్లాంట్ ఉద్యోగికి ఆసియాతో స్వేచ్ఛా వాణిజ్యం అంటే తన ప్లాంట్ నెత్తిన మరో బండ. రొయ్యల ప్లాంట్ యజమానికి అదే ప్రాణవాయువు. చాంబర్‌లో ఇద్దరూ సభ్యులే, ఇద్దరి చందాతోనే సెక్రటరీ జీతం వస్తుంది. అందుకే చాంబర్ల వినతిపత్రాలు చాలాసార్లు ఎవరినీ నొప్పించని గుండ్రటి మాటలతో ఉంటాయి. ఆర్‌సెప్ లాంటి పెద్ద విషయం మీద గట్టిగా ఏదో ఒకటి చెప్పే స్వేచ్ఛ వాళ్లకి లేదు. అది పిరికితనం అనడం తేలికే, జీతమిచ్చే వ్యవస్థ అలా ఉంది.

విధానం ఒక్క రోజులో మారిపోయే ప్రమాదం కూడా ఉంది. జపాన్‌కి చెందిన టొయోటా సుషో అనుబంధ సంస్థ విశాఖ దగ్గర అరుదైన భూమూలకాలని శుద్ధి చేసి జపాన్‌కి పంపుతూ వచ్చింది, ముడి పదార్థం ప్రభుత్వ రంగ ఐఆర్ఈఎల్ నుంచి 2012 నాటి ఒప్పందం ప్రకారం వచ్చేది. చైనా ఈ ఖనిజాల ఎగుమతులు బిగించాక, ఆ సరఫరా ఆపి దేశ అవసరాలకి ఉంచమని కేంద్రం ఐఆర్ఈఎల్‌ని కోరినట్టు 2025 జూన్‌లో వార్తలొచ్చాయి. దేశ ప్రయోజనం దృష్ట్యా అందులో తప్పు పట్టడానికి లేకపోవచ్చు. కానీ తర్వాతిసారి జపాన్ కంపెనీ ముందు కూర్చుని "మా మాట నమ్మండి" అనాల్సినవాడి పరిస్థితి ఒకసారి ఊహించుకోవాలి.

జెట్రో, కోట్రా ఏం చేశాయి

జపాన్ తన వాణిజ్య ప్రోత్సాహక సంస్థ జెట్రోని 1958లో పెట్టింది. అప్పట్లో దాని పని జపాన్ సరుకు అమ్మడం. 1980లకి జపాన్ వాణిజ్య మిగులు ఎక్కువై, అమెరికా ఒత్తిడి పెరిగాక అదే సంస్థ దిగుమతులు ప్రోత్సహించే పనికి దిగింది, బయటి దేశాల వాళ్లకి జపాన్ మార్కెట్‌లోకి ఎలా రావాలో నేర్పింది. కొరియా అలాంటి సంస్థే కోట్రాని 1962లో పెట్టింది, ఇప్పుడు ఎనభైకి పైగా దేశాల్లో ఆఫీసులున్నాయి. అందులో చేరినవాళ్లకి అదే కెరీర్, కొన్నేళ్లు సియోల్, కొన్నేళ్లు విదేశం, మళ్లీ సియోల్. ఒక సరుకు గురించి, ఒక దేశం గురించి తెలిసింది ఆ సంస్థలోనే పోగవుతుంది.

మన దగ్గర ఎంపెడా లాంటి బోర్డుల నాయకత్వం ఎక్కువగా డెప్యుటేషన్ మీద వచ్చే అధికారులది. చురుకైనవాళ్లు చాలామందే వచ్చారు, అనుమానం లేదు. జపాన్ ఆరోగ్య శాఖలో ఏ విభాగం ఏ పరీక్షకి ఆదేశిస్తుందో అర్థమయ్యేసరికి బదిలీ వస్తుంది. కింది స్థాయి సిబ్బంది ఉంటారు, వాళ్లకి తెలుసు, కానీ సంతకం చేసే అధికారం ఉండదు. రాష్ట్రంలో ప్రభుత్వం మారినప్పుడు పెట్టుబడుల విభాగం పేరు నుంచి ప్రాధాన్యాల దాకా మారడం మామూలే. టోక్యోలోనో సియోల్‌లోనో బయ్యర్ మాత్రం మారడు, అతని కంపెనీలో అదే మనిషి పదిహేనేళ్లు రొయ్యలే కొంటాడు. అతను ప్రతి రెండేళ్లకీ కొత్త మొహానికి మొదటి నుంచి చెప్పుకోవాలి.

ప్రైవేటు వైపు కొనసాగింపు ఉంది గానీ వేరే చిక్కుంది. చాలాకాలం ఒకే పనిలో ఉండేవాడు కమీషన్ ఏజెంట్. అతనికి కంటైనర్‌కి ఇంత అని వస్తుంది, కాబట్టి బయ్యర్ ఫోన్ నంబర్ ఎవరికీ ఇవ్వడు. చాంబర్ మనిషి అందరికీ ఇవ్వాలి, కానీ అతని జీతంతో ఇల్లు గడవక చాటుగా ఏజెంట్ పని కూడా చేస్తాడు. రెండు టోపీలు ఒకే తలమీద ఉన్నప్పుడు ఏ సలహా ఎవరి కోసమో చెప్పలేం. దీన్ని తిట్టుకుని లాభం లేదు, జీతం సరిపోయేలా ఇస్తే సగం సమస్య తీరుతుంది.

ఎంఓయూల లెక్క, కంటైనర్ల లెక్క

2023 మార్చిలో ఆంధ్రా యూనివర్సిటీ ఇంజినీరింగ్ కాలేజీ మైదానంలో పెట్టుబడుల సదస్సు జరిగింది, ప్రకటించిన ఎంఓయూల విలువ సుమారు 13 లక్షల కోట్ల రూపాయలు. 2025 నవంబర్‌లో పరిశ్రమల సమాఖ్య సీఐఐ భాగస్వామ్య సదస్సు విశాఖలోనే, వేరే ప్రభుత్వం, ప్రకటించిన విలువ మళ్లీ సుమారు 13 లక్షల కోట్లు. 2016, 2017లో కూడా ఇక్కడే సీఐఐ సదస్సులు, అప్పుడూ లక్షల కోట్లే. ఎంఓయూ అంటే ఉద్దేశం తెలియజేసే కాగితం, కట్టుబడాల్సిన బాధ్యత లేదు. అందులో కొన్ని ఫ్యాక్టరీలవుతాయి, చాలా కావు, ఇది ప్రతి రాష్ట్రంలోనూ అంతే.

సదస్సుల వల్ల ఉపయోగం లేదని కాదు. కలవని మనుషులు కలుస్తారు, బీచ్ రోడ్ హోటళ్లు నిండుతాయి. ఇబ్బందల్లా ప్రమోటర్ పనితీరుకి కూడా అదే కొలత వాడడంతో వస్తోంది. ఎన్ని ప్రతినిధి బృందాలని తీసుకెళ్లాడు, ఎన్ని స్టాళ్లు పెట్టించాడు, ఎన్ని సంతకాలు చేయించాడు అని అడుగుతారు. టోక్యో సీఫుడ్ షోకి, చింగ్‌దావ్‌లో జరిగే చైనా ఫిషరీస్ ఎక్స్‌పోకి, సింగపూర్‌లో జరిగే సీఫుడ్ ఎక్స్‌పో ఏషియాకి వెళ్లిన కంపెనీకి ప్రభుత్వ పథకాల్లో ఖర్చులో కొంత తిరిగొస్తుంది. స్టాల్ ఫొటో, బిల్లు పెడితే చాలు. ఆ స్టాల్ దగ్గరికి వచ్చిన బయ్యర్ శాంపిల్ తీసుకున్నాడా, ట్రయల్ కంటైనర్ కొన్నాడా, రెండో కంటైనర్ అడిగాడా అన్నది ఎవరూ అడగరు. మొదటి కంటైనర్ మొహమాటంతోనో ధర తగ్గించడం వల్లో పోవచ్చు, రెండోది పోయిందంటేనే మార్కెట్ దొరికినట్టు.

కేంద్రం 2025 నవంబర్‌లో 25,060 కోట్ల రూపాయలతో ఎక్స్‌పోర్ట్ ప్రమోషన్ మిషన్‌ని ఆమోదించింది, 2030-31 దాకా నడుస్తుంది. చిన్న ఎగుమతిదారులకి రుణ సాయం ఒక భాగం, నాణ్యతా ధ్రువీకరణలు, ప్రదర్శనలు, బ్రాండింగ్ లాంటివి మరో భాగం. ఈ రెండో భాగంలో డబ్బు స్టాళ్ల అద్దెకి పోతుందా, ల్యాబ్ ధ్రువీకరణలకి పోతుందా అన్నదాన్ని బట్టి విశాఖకి దక్కేది మారుతుంది.

ఇకపై ఏం జరగొచ్చు

మొదట జరిగేది, జరుగుతున్నది కూడా, చైనా వైపు మొగ్గడం. అది దగ్గరి దారి. తలతో ఉన్న రొయ్యకి కొత్త లైన్ అక్కర్లేదు, ఒలిచే కూలీ ఖర్చు లేదు, పరిమాణం ఎంతైనా తీసుకుంటుంది. నష్టం కూడా అక్కడే ఉంది. ఒలిచే పని పోతే విశాఖ చుట్టుపక్కల ప్లాంట్లలో ముందు పని పోయేది రోజుకూలీ ఆడవాళ్లకి. పైగా ఒకే పెద్ద బయ్యర్ మీద ఆధారపడే రోగం దేశం పేరు మార్చుకుని అలాగే ఉంటుంది, ఈక్వెడార్ కూడా చైనాకి పెద్ద ఎత్తున అమ్ముతోంది కాబట్టి ధర మన చేతిలో ఉండదు.

జపాన్, కొరియాల వైపు కదలిక నిదానంగా ఉంటుంది. లైన్ పెట్టడం, శిక్షణ, బయ్యర్ ఆడిట్, ట్రయల్ సరుకు, వీటికి రెండు మూడేళ్లు వేసుకోవాలి. అమెరికా సుంకం తగ్గినప్పుడల్లా చాలా ప్లాంట్లు పాత బయ్యర్ దగ్గరికే పరుగెడతాయి, ఎవరినీ తప్పు పట్టలేం, బ్యాంకు వడ్డీ ఆగదు. అలా పరుగెత్తిన ప్రతిసారీ ఆసియా బయ్యర్‌కి ఒక విషయం అర్థమవుతుంది: వీళ్లు అమెరికా మూసినప్పుడే మా దగ్గరికి వస్తారు. తర్వాతిసారి అతను ఇచ్చే ధరలో ఆ సంగతి కలిసే ఉంటుంది.

నోబాషీ లైన్ ఖాళీగా ఉన్నా మూసేయకుండా నెలకి ఒక్క కంటైనరైనా ఒసాకాకి పంపే కంపెనీలు కొన్ని మిగిలితే, ఆ ధర మీద బేరమాడే అవకాశం వాటికే ఉంటుంది. అలాంటి కంపెనీలు ఎన్ని మిగులుతాయన్నది ప్లాంట్ల యజమానుల ఓపికతో పాటు, నష్టం వచ్చే ఏడాది కూడా ఆ లైన్‌కి రుణం ఇచ్చే బ్యాంకు ఉందా అన్నదాని మీద ఆధారపడుతుంది. మిషన్ డబ్బులో రుణ సాయం భాగాన్ని విశాఖ చాంబర్లు ఇప్పుడు గట్టిగా అడగాల్సింది దీని కోసమే.